గొట్టములో నిలిచిన మాట

పాఠశాలలో కంప్యూటరు నేర్చుకొను పిల్లలు ఇంట అభ్యాసము చేయునపుడు ఒక వింత చిక్కు తరచుగ ఎదురగును. పిల్లవాడు వ్రాసిన ప్రోగ్రాము ఒంటరిగ నడచినపుడు సెకనున కొక పంక్తి చొప్పున తెరపై చక్కగ ముద్రించును. దానినే మరియొక ప్రోగ్రామునకు పైపుతో కలిపినంతనే తెర మూగవోవును. తన పని చెడినదని తలచి పిల్లవాడు సరిగ నున్నదానిని చెరిపివేయును. అట్టి వేళ తల్లిదండ్రులకు ఉపకరించు సంగతులను ఇచట మనవి చేయుచున్నాము.

ప్రోగ్రాములను తోటనీటి గొట్టములవలె ఒకదాని కొకటి తగిలింపవలెనను ఆలోచనను 1964లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ వ్రాసి యుంచిరి. 1973లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్ దానిని యూనిక్స్‌లో నెలకొల్పిరి. | అను నిలువు గీతయే ఆ గొట్టమునకు గుర్తు.

గింజ కొక మారు బండి కట్టి మిల్లునకు పోవు రైతు ఉండడు. బస్తా నిండిన పిమ్మటనే బండి కదలును. ప్రోగ్రాము కూడ నట్లే. అక్షర మక్షరముగ పంపుట కాలవ్యయము గనుక, ఫలితమును బఫరు అను బస్తాలో కూర్చును. సీ భాషా సామగ్రిలో దీనికి మూడు మర్యాదలు కలవు. ఫలితము తెరకు పోవుచున్నచో పంక్తి ముగియగానే పంపును. పైపునకు గాని ఫైలునకు గాని పోవుచున్నచో బస్తా నిండువరకు ఆగును. తప్పులను తెలుపు మార్గమున మాత్రము ఆలస్యములేక వెంటనే పంపును.

లైనక్స్‌లో పైపునకు పంపు బస్తా సాధారణముగ 4096 బైట్లు. యూనికోడ్ యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. 13 సంకేతములు, పంక్తి ముగింపు కలిసి 40 బైట్లు. సెకనున కట్టి పంక్తి యొకటి పుట్టినచో, 102 పంక్తులు పుట్టినను బస్తా నిండదు. నిమిషమునకు పైగా తెర శూన్యముగ నుండును. పిల్లవాని ఓర్పు అంతకు ముందే నశించును.

దోష మెచట నున్నదో కనుగొనుట సులభము. మొదటి ప్రోగ్రామును ఒంటరిగ నడిపింపవలెను. పిమ్మట దానిని క్యాట్ అను ఆజ్ఞకు పైపుతో కలుపవలెను. క్యాట్ తనకు వచ్చినదానిని నిలువ యుంచక పంపును. కావున ఇప్పుడు తెర మూగవోయినచో ఆపుచున్నది మొదటి ప్రోగ్రామే. ఈ రీతిని ఒక్కొక్క అంచెను చేర్చి చూడవలెను. వరుసగ రెండు గ్రెప్‌లున్నచో ఆపునది మొదటిది. కడపటిది తెరకు వ్రాయును గనుక ఆగదు. సార్ట్ విషయము వేరు. కడపటి పంక్తిని చూడక మొదటి పంక్తి ఏదో అది చెప్పజాలదు. అచట దోషము లేదు.

ఇక నివారణ. గ్రెప్‌నకు 'లైన్-బఫర్డ్' అను ఐచ్ఛికము, పైథాన్‌నకు 'యు' అను ఐచ్ఛికము కలవు. స్వయముగ వ్రాసిన సీ ప్రోగ్రాములో ముద్రణ వెంట 'ఎఫ్‌ఫ్లష్' పిలువవచ్చును. సీ సామగ్రి నుపయోగించు ఇతర ప్రోగ్రాములకు ముందు 'స్టడ్‌బఫ్' చేర్చవచ్చును. అది పైథాన్‌పై పనిచేయదు, ఏలనన పైథాన్ తన బస్తాను తానే కుట్టుకొనును.

ఫైలునకు మళ్లించునపుడు వరుసయు ముఖ్యము. షెల్లు ఎడమనుండి కుడికి చదువును. '> ఫైలు 2>&1' అన్నచో ఫలితములు, తప్పులు రెండును ఫైలునకు చేరును. '2>&1 > ఫైలు' అన్నచో తప్పులు తెరపైననే నిలుచును. రెండును ఒకే ఫైలునకు చేరినపుడు సైతము, తప్పు వెంటనే పోయి ఫలితము బస్తాలో నిలుచుటచే, తరువాత జరిగినది ముందు కనబడవచ్చును. ఆ వరుసను నమ్మి కారణమును నిర్ణయింపరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. తెర మూగగ నున్నదని ప్రోగ్రామును బలవంతముగ చంపినచో, విద్యుత్తు ఆపినచో, బస్తాలో నున్నదంతయు నశించును. గంటసేపు కొలిచిన కొలతల కడపటి భాగము ఫైలులో ఉండకపోవుట కిదియే కారణము.

కావున బిడ్డ దిగులుపడినపుడు, “తప్పెక్కడ చేసితివి?” అని గాక, “మాట ఎచట నిలిచినది?” అని అడుగుడు. ఈ ప్రశ్న నడుగుటకు కంప్యూటరు శాస్త్రము చదివి యుండనక్కరలేదు. ఇంట మాటలాడు తెలుగు చాలును.