వంశంలో రేచీకటి ఉంటే...

పొద్దుగూకాక దారి కనబడకపోవడాన్ని రేచీకటి అంటాము. దీనికి ముఖ్యమైన కారణాలు రెండు. మొదటిది విటమిన్-ఎ లోపం. కరువు రోజుల్లో పాలు, గుడ్లు, ఆకుకూరలు అందని పిల్లలకు ఇది రావచ్చు. త్వరగా వైద్యం చేస్తే నయమవుతుంది. రెండవది రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బు. ముందు రాత్రి చూపు, తర్వాత పక్క చూపు క్రమంగా తగ్గిపోతాయి. ఏది కారణమో కంటి డాక్టరే తేల్చాలి.

ఎందుకు వస్తుంది?

కంటి లోపల వెనుకవైపు ఉండే పల్చని పొర రెటీనా. జన్యులోపం వల్ల అందులో వెలుతురును గ్రహించే కణాలు మెల్లగా చనిపోతాయి. కొన్ని కుటుంబాల్లో తల్లిదండ్రులిద్దరిలోనూ లోపం దాగి ఉంటుంది, వారి చూపు మాత్రం బాగుంటుంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఇలా జరిగే అవకాశం ఎక్కువ. ఇది శాపం కాదు. తల్లిని ఒక్కదాన్నే నిందించడం తగదు.

ప్రయోగశాలలో రెటీనా

పరీక్ష కోసం రోగి రెటీనాను ముక్క కోసి తీస్తే ఉన్న చూపు దెబ్బతింటుంది. జపాను శాస్త్రవేత్త షిన్యా యమనకా ఈ చిక్కుకు దారి చూపారు. ఆయన 2006లో ఎలుక కణాలను, 2007లో మనిషి చర్మకణాలను మూలకణాలుగా మార్చారు. 2012లో నోబెల్ బహుమతి పొందారు. ఇప్పుడు రోగి చర్మం లేదా రక్తం నుండి కొద్ది కణాలు తీసి, పోషక ద్రవంలో నెలల తరబడి పెంచి ఆవగింజంత రెటీనా కణజాలం తయారు చేస్తున్నారు. రోగిలోని జన్యులోపమే అందులోనూ ఉంటుంది. కణాలు ఎలా చెడుతున్నాయో గమనించవచ్చు, మందులను ముందుగా దానిమీద పరీక్షించవచ్చు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనూ ఇటువంటి పరిశోధన జరుగుతోంది.

గుర్తుంచుకోండి

1. ఈ కణజాలం పరిశోధన కోసమే. దానికి రక్తనాళాలు లేవు, మెదడుతో సంబంధం లేదు. మూలకణాల ఇంజెక్షన్‌తో చూపు తెప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మి పొలం అమ్ముకోకండి.

2. ఆర్.పి.ఇ.65 అనే జన్యువులో లోపం ఉన్నవారికి 2017లో అమెరికాలో జన్యుచికిత్స ఆమోదం పొందింది. అది మిగతా జన్యులోపాలకు పనిచేయదు. అందుకే మీ ఇంట్లో లోపం ఏ జన్యువులో ఉందో తెలుసుకోవడం ముఖ్యం.

3. వంశంలో ఎవరెవరికి చూపు తగ్గిందో, ఏ వయసులో తగ్గిందో రాసి తీసుకురండి. రోగి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడా పరీక్ష చేయించండి.

4. సంబంధం కుదుర్చుకునే ముందే జన్యు సలహా తీసుకోండి. చూపు తగ్గిన బిడ్డను బడి మాన్పించకండి.