అమ్మ గంట

చెల్లీ, మొన్న నువ్వు పంపిన ఫొటోలు చూసిన. అన్నిట్లో కారు అద్దం, అద్దంలో నీ వేళ్లు! ఉరికే బండిలోంచి తీస్తే గుట్ట కూడా ఉరికినట్టే పడుతది మరి.

నవ్వుతున్నా గానీ నాదీ అదే కథ. జనగామ నుంచి భూపాలపల్లికి పెండ్లికి పోతున్నం. రేగొండ కాడ, పాండవుల గుట్టల దిక్కు పొద్దుటి ఎండ పడుతున్నది. "జర ఆపుండ్రి" అంటే మీ బావ, "వచ్చేటప్పుడు చూద్దాం" అన్నడు. వచ్చేసరికి చిమ్మచీకటి. అప్పటినుంచి ప్రయాణం ఎన్ని గంటలైతే దానికి ఒక గంట కలుపుతున్న. పిల్లలు దానికి 'అమ్మ గంట' అని పేరు పెట్టిండ్రు.

ఆ గంటలో ఏం తియ్యాలని ముందే అనుకోకు. ఒకసారి మహబూబాబాద్ నుంచి ఇల్లెందు పోతూ బయ్యారం చెరువు కట్ట మీద ఆగినం. కాకతీయ గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ కట్టించిన చెరువు. ఒక ఆడపడుచు ఊరికి నీళ్లిచ్చిందని శాసనంలో ఉన్నదంటే నాకెందుకో గర్వం! అర్ధగంట కూసున్నా ఏమీ లేదు, గాలికి నీళ్లు గీతలు గీతలు. పొద్దు గుంకుతుంటే గాలి ఆగింది. చెరువు అద్దమైంది, తాటిచెట్లు తలకిందులైనయ్. బర్లు ఇంటికి మళ్లినయ్, వాటి ఎనుక ధూళి బంగారంలెక్క లేచింది. నేను తీసినవి మూడే ఫొటోలు.

గణపురం కోటగుళ్లకు మాత్రం పొద్దున్నే పో. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిమీద ఉంటే ఆ 13వ శతాబ్దపు చెక్కడాలన్నీ చదునుగా కనబడుతయ్. ఏటవాలు ఎండలోనే శిల్పానికి నీడ పుడుతది, నీడతోనే ప్రాణం. అట్లని గుళ్లూ గుట్టలే కాదు. మన వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ పల్లె ఇండ్ల గోడలూ తలుపులూ ఎంత ప్రేమగా తీసిండో గుర్తు చేసుకో.

ఒక్కటి చెప్పాలె. నాట్లేసే అక్కలను అడగకుండా తియ్యకు. నడుం వంగి పనిచేసేటోళ్లు మనకు బొమ్మలు కారు. ఇంకోటి, డ్రైవర్‌కు బయల్దేరేటప్పుడే చెప్పు, నడిమిట్ల "ఆపు, ఆపు" అంటే ఎవరికైనా కోపమొస్తది. బండి రోడ్డు దిగినంకనే కెమెరా తియ్యి.

దసరాకు మీ ఇంటికే వస్తున్నం. ఎన్నింటికి చేరుతరని ఫోన్ల మీద ఫోన్లు చెయ్యకు. అన్నం మీద మూత పెట్టి పండుకో.