పంచాయతీ ట్రాక్టరు - బ్రేకుల సంరక్షణ

తెలంగాణలో 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమముతో గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. చెత్త తరలించుటకు, మొక్కలకు నీరు పోయుటకు అవి ప్రతిదినము బడి ముందునుండియు, ఇరుకు వీధులలోనుండియు తిరుగుచుండును. ఆ బండి బ్రేకులు ఎట్లున్నవో పంచాయతీ సమావేశములో మనము ఎన్నడైన విచారించితిమా? ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదను సామెత అందరిదైన వస్తువును ఎవరును పట్టించుకొనరని చెప్పుచున్నది.

బ్రేకు సాధారణముగా ఒక్క దినమున చెడదు. లైనింగు దినదినము అరుగును. పెడలు నిన్నటికంటె నేడు కొంచెము లోతుగా దిగును. డ్రైవరు కాలు ఆ లోతునకు అలవాటు పడును. లోపము కనబడకుండ చేయునది ఈ అలవాటే. దారికి అడ్డముగా ఒక పిల్లవాడు పరుగెత్తి వచ్చిన క్షణమునగాని అది బయటపడదు.

బరువును, వేగమును గూర్చి కూడ ఆలోచింపవలెను. 4,000 లీటర్ల నీరు 4 టన్నుల బరువు. చాల ట్రాలీలకు, ట్యాంకర్లకు వేరుగా బ్రేకులు లేవు. ఆ బరువంతయు ట్రాక్టరు బ్రేకులే ఆపవలెను. ట్యాంకరు సగమే నిండినచో బండి ఆగునపుడు నీరు ముందునకు దూకి ట్రాక్టరును నెట్టును. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక సెకనులో 8 మీటర్లకు పైగా పోవును. డ్రైవరు కాలు పెడలును చేరులోపలనే ఆ దూరము గడచిపోవును. వేగము రెండింతలైనచో బ్రేకు అణచవలసిన శక్తి నాలుగింతలగును.

ట్రాక్టరునకు ఎడమ చక్రమునకొకటి, కుడి చక్రమునకొకటిగా రెండు బ్రేకు పెడళ్ళుండును. పొలములో మలుపు తిరుగుటకు ఇవి విడివిడిగా ఉపకరించును. రోడ్డుపైకి వచ్చినపుడు కొక్కెముతో రెండింటిని కలిపి బిగింపవలెను. కొక్కెము వేయకున్నను, ఒక ప్రక్క లైనింగు ఎక్కువగా అరిగినను, బండి ఒక వైపునకు లాగి బోల్తాపడవచ్చును.

కావున పంచాయతీ ఈ క్రింది నియమములను ఏర్పరచుకొనవలెను:

1. ప్రతి ఉదయము బయలుదేరుటకు ముందు ఖాళీ స్థలములో మెల్లగా నడిపి బ్రేకు వేసి, బండి తిన్నగా ఆగుచున్నదో లేదో చూడవలెను. హ్యాండుబ్రేకును, టైర్లలో గాలిని, ట్రాలీ కొక్కి పిన్నును కూడ పరీక్షింపవలెను.

2. రెండు పెడళ్ళు సమముగా దిగవలెను. కీచుమను ధ్వని, పెడలు మెత్తబడుట, నూనె కారుట కనిపించినచో బండిని ఆనాడే నిలిపి మెకానిక్కునకు చూపవలెను.

3. నూనె మట్టము చూచుచు, తయారీదారులు తెలిపిన రకమునే వాడి, పుస్తకములో చెప్పిన గడువునకు మార్పింపవలెను. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. అట్టి నూనె వేడెక్కినపుడు ఆవిరి పుట్టి పెడలు ఒక్కసారిగా క్రిందికి జారవచ్చును.

4. పల్లమున దిగునపుడు బండిని న్యూట్రలులో నుంచరాదు. తక్కువ గేరులో దింపవలెను.

5. పరీక్షించిన తేదీని, చేసిన మరమ్మతును ఒక పుస్తకములో వ్రాసి, నెలకొకసారి సమావేశములో చదువవలెను.

మరమ్మతు ఖర్చును వాయిదా వేయుట పొదుపు కాదు. లైనింగు పూర్తిగా అరిగిన పిమ్మట లోహము లోహమును ఒరసి డ్రమ్మును గూడ పాడుచేయును. అప్పుడు గోటితో పోవుదానికి గొడ్డలి కావలసివచ్చును.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను ప్రకారము, తెలిసిన లోపముగాని, సామాన్యమైన శ్రద్ధతో తెలిసికొనదగిన లోపముగాని కలిగి ప్రమాదకరమైన బండిని నడుపువాడేగాక, నడుపనిచ్చువారు కూడ దోషులే. "డ్రైవరు మాకు చెప్పలేదు" అనుట మనకు సమాధానము కానేరదు. ట్రాక్టరు వచ్చుచున్నదని ప్రక్కకు తొలగు పిల్లలు మన పిల్లలే. వచ్చు సమావేశపు కార్యక్రమములో బ్రేకుల తనిఖీని మొదటి అంశముగా చేర్చుదము.