గాజుతో చేసిన గాజు

పిల్లలూ, పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న ప్రశ్న. గాజు అంటే ఏమిటి? కిటికీకి ఉండేది గాజు. సీసా చేసేదీ గాజుతోనే. మరి అమ్మ, అమ్మమ్మ చేతులకి వేసుకునేవి? అవీ గాజులే! తెలుగులో ఈ ఒక్క మాటకి రెండు అర్థాలు. బంగారంతో చేయించుకున్నా, ప్లాస్టిక్‌వి కొనుక్కున్నా వాటిని గాజులనే అంటాం. ఈ రెండు అర్థాలూ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తాయి.

మనుషులు గాజు తయారుచెయ్యడం నేర్చుకోక ముందే భూమి గాజు తయారుచేసింది. ఎలాగో తెలియాలంటే వంటింట్లోకి రండి. పల్లీ చిక్కీ (కొన్ని ఇళ్ళల్లో పప్పుచెక్క అంటారు) చేసేటప్పుడు అమ్మ ఒక చుక్క బెల్లం పాకం చన్నీళ్ళ గిన్నెలో వేసి చూస్తుంది, ఎప్పుడైనా గమనించారా? పాకం ముదిరితే ఆ చుక్క గట్టిపడి, గిన్నెకేసి కొడితే టంగుమంటుంది. విరిస్తే గాజులా పుటుక్కున విరుగుతుంది. పటిక బెల్లం అలా ఉండదు. పంచదార నీళ్ళని రోజుల తరబడి కదపకుండా వదిలేస్తే, మెల్లమెల్లగా పలుకులు కట్టి అది తయారవుతుంది. రెండూ తీపివే, తేడా అంతా గట్టిపడిన తీరులో ఉంది.

అగ్నిపర్వతం నుంచి వచ్చే లావా కూడా అంతే. నెమ్మదిగా చల్లారితే పలుకులున్న రాయి అవుతుంది. కొన్ని రకాల చిక్కటి లావా గబగబా చల్లారిపోతే పలుకులు కట్టడానికి టైము చాలదు. అప్పుడు నల్లగా, నున్నగా మెరిసే గాజు తయారవుతుంది. దాని పేరు అబ్సిడియన్.

ఇప్పుడు టర్కీ దేశం మధ్యభాగానికి వెళ్దాం. అక్కడ చాతాల్ హొయుక్ అనే చోట సుమారు 9,000 ఏళ్ళ కిందట ఒక పెద్ద ఊరు ఉండేది. హొయుక్ అంటే టర్కీ భాషలో దిబ్బ. పాత ఊరు కూలి మట్టిలో కలిసిపోతే మిగిలే దిబ్బ. మన పల్లెల్లో దాన్నే పాటిదిబ్బ అంటారు. ఆ ఊళ్ళో వీధులే లేవంటే నమ్ముతారా? ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. కప్పు మీద నడుచుకుంటూ వెళ్ళి, నిచ్చెన దిగి ఇంట్లోకి వెళ్ళేవాళ్ళు.

ఆ ఊరి దగ్గర అబ్సిడియన్ దొరకదు. అది ఉన్న గొల్లు దాగ్ అనే కొండ సుమారు 190 కిలోమీటర్ల దూరం. అప్పటికి ఎక్కే గుర్రమూ లేదు, చక్రాల బండీ లేదు. ఆ రాయి ఆ కొండదేనని ఎలా తెలుసు? ఒక్కో అగ్నిపర్వతం గాజులో కొన్ని మూలకాలు ఒక్కో పాళ్ళలో ఉంటాయి. ఎక్స్-రేలతో పరీక్షిస్తే రాయి తన సొంతూరు చెప్పేస్తుంది! అంత దూరం నుంచి తెచ్చుకున్న రాళ్ళని వాళ్ళు ఇంట్లో పొయ్యి దగ్గర, నేల కింద గుంట తీసి దాచుకునేవాళ్ళు. మా నాయనమ్మ పోపులపెట్టెలో డబ్బులు దాచేది, అలా అన్నమాట.

పనిముట్లు చెయ్యడం మాత్రం తేలిక కాదు. ముందు పెద్ద ముక్కని వేరే రాయితో అంచు దగ్గర, సరైన కోణంలో కొట్టాలి. ఒక పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు మీద ఆల్చిప్ప మీద ఉన్నట్టు వంపు గీతలు కనిపిస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి కొడుతూ పోతే పొడుగాటి సన్నటి బ్లేడులు వస్తాయి. తర్వాత జింక కొమ్ము మొనతో అంచు మీద గట్టిగా నొక్కితే చిన్నచిన్న పెచ్చులు రాలి, బాణం మొనలా ఆకారం వస్తుంది. చెయ్యి ఒక్కసారి తప్పిందా, రాయి అడ్డంగా విరిగి అప్పటిదాకా పడ్డ కష్టమంతా పోతుంది. విరిగిన ముక్కలు అక్కడే పారేసేవాళ్ళు. ఇప్పుడు పురావస్తు శాస్త్రజ్ఞులకి ఆ చెత్తంటేనే ఇష్టం! వాటిని బొమ్మల పజిల్‌లా మళ్ళీ అతికిస్తే, ఏ దెబ్బ ముందు కొట్టారో, ఏది తర్వాతో తెలుస్తుంది.

ఆ అంచు ఎంత పదునో! మైక్రోస్కోపులో చూస్తే ఉక్కు బ్లేడు అంచు గరుకుగా ఉంటుంది, అబ్సిడియన్ అంచు దానికంటే ఎంతో సన్నగా ఉంటుంది. అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను: రాళ్ళతో, సీసాలతో మీరు ఇది చేసి చూడకండి. ఇండియా నుంచి తెచ్చుకున్న గాజులు సగం నా సూట్‌కేసులోనే పగిలిపోయాయి. ఏరుతుంటే వేలు తెగింది, తెగినట్టు కూడా తెలియలేదు.

చాతాల్ హొయుక్ వాళ్ళు పదును కోసమే కాదు, అందం కోసం కూడా ఈ రాయిని వాడారు. ఒక వైపు అరగదీసి, నునుపు చేసి అద్దాలు తయారుచేశారు. వాటిలో కొన్ని సమాధుల్లో దొరికాయి. చనిపోయిన మనిషి పక్కన అద్దం ఎందుకు పెట్టారంటారు?

ఇక మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. టర్కీలోనే అషిక్లి హొయుక్ అనే ఇంకో దిబ్బలో 1995లో ఒక విరిగిన ముక్క దొరికింది. సుమారు 9,500 ఏళ్ళ నాటిది. విరగక ముందు దాని వెడల్పు దాదాపు 10 సెంటీమీటర్లు. మధ్యలో చుట్టూతా ఒక సన్నటి గట్టు, ఎక్కడా వంకర లేదు. తర్వాత శాస్త్రజ్ఞులు పరీక్షించి చూస్తే, దాని నునుపు ఇప్పటి టెలిస్కోపు అద్దాల నునుపుకి దగ్గరగా ఉందట! అది చేతికి వేసుకునే గాజు. అంటే గాజుతో చేసిన గాజు!

మీ నోటుపుస్తకంలో రాయండి

1. పలుకు, పెచ్చు, పదును, నునుపు: ఒక్కో మాటతో ఒక్కో వాక్యం.

2. "అద్దం" అనే మాటకి కూడా రెండు అర్థాలున్నాయి. పాఠంలో ఆ రెండూ ఎక్కడ వచ్చాయో వెతికి గీత గీయండి.

3. సమాధిలో అద్దం ఎందుకు పెట్టి ఉంటారు? మీకేమనిపిస్తుందో నాలుగు వాక్యాలు రాయండి. ఇందులో తప్పు జవాబు లేదు.

4. అమ్మమ్మకో నాయనమ్మకో ఫోను చేసి, వాళ్ళు మొదటిసారి ఎక్కడ గాజులు వేయించుకున్నారో తెలుగులోనే అడగండి. వాళ్ళు చెప్పింది వచ్చే వారం క్లాసులో చెప్పాలి.