గుగ్గిలంలో దాగిన పురుగు

రావులపాలెం చుట్టూ ఎటు చూసినా కొబ్బరి తోటలు, అరటి తోటలు. కొబ్బరికి రెండు పురుగులు పెద్ద శత్రువులు. ఒకటి కొమ్ము పురుగు. రెండోది ఎర్రముక్కు పురుగు.

కొమ్ము పురుగు పెంటకుప్పలో గుడ్లు పెడుతుంది. పెద్దదయ్యాక చెట్టు మొవ్వులో దూరుతుంది. లేత ఆకును కొరుకుతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. ఎర్రముక్కు పురుగు అలా కాదు. చెట్టుకు తగిలిన గాయాల్లో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు మాను లోపలే ఉండి గుజ్జు తింటాయి. పైకి చాలాకాలం ఏమీ తెలియదు. ఒకనాడు మొవ్వు వాలిపోతుంది. చెట్టు చచ్చిపోతుంది.

కొమ్ము పురుగు తగ్గాలంటే పెంటకుప్పలు శుభ్రం చేయాలి. ఎర్రముక్కు పురుగు రాకూడదంటే మానుకు గాయం తగలకుండా చూడాలి. ఒకదానికి చేసే పని రెండోదానికి సరిపోదు. అందుకే ఏ పురుగో ముందు పోల్చుకోవాలి. పోల్చుకోవాలంటే గుర్తులు తెలియాలి. ఆ గుర్తులు ఎవరో ఒకరు చూసి రాసి పెట్టాలి.

ఈ రెండూ పెంకు పురుగులే. వీటి వీపు మీద రెండు గట్టి పెంకులు ఉంటాయి. అవి నిజానికి ముందు రెక్కలు. వాటి కింద ఎగిరే రెక్కలు మడిచి ఉంటాయి. శాస్త్రవేత్తలు ఇంతవరకు సుమారు 4 లక్షల రకాల పెంకు పురుగులకు పేర్లు పెట్టారు.

అందులో ఒకదాని కథ ఈ పాఠం. అది నూకంత పురుగు. చచ్చిపోయి 5 కోట్ల ఏళ్ళు దాటింది. అయినా దాని ఒంటి మీది వెంట్రుకలు కూడా చెదరలేదు.

బంక వేరు, గుగ్గిలం వేరు

తుమ్మ చెట్టుకు గాటు పడితే బంక కారుతుంది. ఒక్కోసారి చీమలు ఆ బంకకు అంటుకుని చస్తాయి. కానీ తుమ్మ బంక నీళ్ళలో కరిగిపోతుంది. వానకు నిలవదు.

గుగ్గిలం అలా కాదు. అది సాల చెట్టు నుంచి కారుతుంది. నిప్పుల మీద వేసి ధూపం పడతారు. అది నీళ్ళలో కరగదు. ఇలాంటి చెట్ల గుగ్గిలం మట్టి కింద పడి కోట్ల ఏళ్ళు ఉంటే గట్టిపడుతుంది. పసుపుగానో, తేనె రంగులోనో మెరుస్తుంది. దాన్నే అంబరు అంటారు. సంస్కృతంలో తృణమణి అని పేరు. గుడ్డతో రుద్దితే అది గడ్డిపోచను లాగుతుంది. అందుకే ఆ పేరు.

గుగ్గిలం కారేటప్పుడు పురుగు అందులో పడితే మునిగిపోతుంది. పైన ఇంకో చుక్క పడి మూసేస్తుంది. లోపలికి గాలీ, నీరూ అంతగా పోవు. పురుగు ఆకారం అలాగే నిలిచిపోతుంది.

సూరత్ బొగ్గు గనుల్లో

గుజరాత్‌లో సూరత్ జిల్లా ఉంది. అక్కడ లిగ్నైట్ అనే గోధుమ రంగు బొగ్గు తవ్వుతారు. కరెంటు తయారీకి దాన్ని మండిస్తారు. ఆ బొగ్గు పొరల్లో అంబరు ముక్కలు దొరుకుతాయి. అవి సాల చెట్టు కుటుంబానికి చెందిన పాతకాలపు చెట్ల నుంచి వచ్చాయి. ఏరి తీస్తే అవి మిగులుతాయి. తీయకపోతే బొగ్గుతో పాటు పొయ్యిలోకి పోతాయి.

భారత శాస్త్రవేత్తలు, విదేశీ శాస్త్రవేత్తలు కలిసి అక్కడ సుమారు 150 కిలోల అంబరు సేకరించారు. అందులో 700కు పైగా పురుగులు, సాలీళ్ళ వంటివి కనబడ్డాయి. ఈ సంగతి 2010లో ప్రకటించారు.

అంబరు వయసు ఎలా తెలిసింది? ఆ బొగ్గు గనుల పొరల్లో సముద్రపు చిన్న జీవుల గుల్లలు కూడా ఉన్నాయి. ఏ కాలంలో ఏ గుల్ల జీవి బతికిందో ముందే తెలుసు. వాటిని బట్టి లెక్క కట్టారు. దాదాపు 5 కోట్ల 20 లక్షల ఏళ్ళు అని తేలింది. అప్పటికి హిమాలయాలు ఇంత ఎత్తు లేవలేదు. భూమి మీద మనిషే లేడు.

చీమల ఇంట్లో దొంగ చుట్టం

ఆ అంబరులో ఒక ముక్కలో మన నూకంత పురుగు ఉంది. శాస్త్రవేత్తలు జోసెఫ్ పార్కర్, డేవిడ్ గ్రిమాల్డి దాన్ని పరీక్షించారు.

దాని బంధువులు ఇప్పటికీ ఉన్నాయి. సుమారు 370 రకాలు తెలుసు. అవి చీమల పుట్టల్లో బతుకుతాయి. వాటి పొట్ట మీద వెంట్రుకల కుచ్చులు ఉంటాయి. ఆ కుచ్చుల దగ్గర ఒక రసం ఊరుతుంది. చీమలు ఆ రసం నాకి మురిసిపోతాయి. పురుగును తమదే అనుకుంటాయి. నోట్లో నోరు పెట్టి మేత పెడతాయి. ఆ పురుగు మాత్రం చీమల గుడ్లను, పిల్లలను తింటుంది. తిండి పెట్టిన ఇంటికే కన్నం వేస్తుంది.

ఇది కొత్తదని ఎలా తేల్చారు?

ముందు అంబరు ముక్కను సానపట్టి నునుపు చేస్తారు. అప్పుడు లోపల స్పష్టంగా కనబడుతుంది. భూతద్దం కంటే ఎన్నో రెట్లు పెద్దగా చూపే సూక్ష్మదర్శినితో చూస్తారు. మీసాలు, కాళ్ళు, పెంకులు, పొట్ట అన్నీ కొలుస్తారు. ఫొటోలు తీస్తారు. తెలిసిన రకాలతో ఒక్కొక్కటే పోలుస్తారు.

ఈ పురుగుకు వెంట్రుకల కుచ్చులు ఉన్నాయి. కాబట్టి అప్పటికే ఇది చీమలతో కలిసి బతికిందని గ్రహించారు. కానీ ఒక తేడా కనబడింది. ఇప్పటి రకాల్లో పొట్ట మీది పలకలు అతుక్కుని ఒకటైపోయాయి. దీనిలో అవి ఇంకా విడివిడిగా ఉన్నాయి. అంటే ఇది పాతకాలపు రూపానికీ, ఇప్పటి రూపానికీ నడుమ మెట్టు. ఆ కాలంలో చీమలు ఇప్పటంత ఎక్కువగా లేవు. చీమలు పెరగడం మొదలైన రోజుల్లోనే ఈ దొంగ చుట్టం వాటి ఇంట్లో చేరింది. పొట్ట పలకల తేడా చూడకపోతే ఈ సంగతి తెలిసేదే కాదు.

పేరు ఎలా పెట్టారు?

2014లో ఈ పురుగు వివరాలు అచ్చయ్యాయి. దాని పేరు ప్రోటోక్లావిజర్ ట్రైకోడెన్స్. ప్రోటో అంటే మొదటిది. క్లావిజర్ అంటే గద మోసేది. గద లాంటి మీసాలున్న ఒక బంధువు పురుగుకు ముందే ఆ పేరు ఉంది.

ప్రతి జీవికీ శాస్త్రంలో రెండు మాటల పేరు ఉంటుంది. మొదటిది ఇంటిపేరు లాంటిది. రెండోది సొంత పేరు లాంటిది. పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఎక్కడ దొరికింది, ఎలా ఉంది, దేనికీ దీనికీ ఏమి తేడా అన్నది రాయాలి. ఆ ముక్కను భద్రంగా దాచాలి. రేపు ఇంకొకరు వచ్చి చూసి, రాసింది నిజమో కాదో తేల్చుకోవాలి.

తెలుగు ఊరి పేరు కూడా ఇలా శాస్త్రంలోకి ఎక్కింది. ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర ఒక రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఆ లోయ నీరే గోదావరిలో కలిసి, గౌతమి పాయగా రావులపాలెం పక్కనుంచి పోతుంది.

కొత్త మాటలు

అంబరు: కోట్ల ఏళ్ళకు గట్టిపడిన చెట్టు గుగ్గిలం
శిలాజం: పాతకాలపు జీవి మిగిల్చిన గుర్తు
సూక్ష్మదర్శిని: చాలా చిన్నవాటిని పెద్దగా చూపే పరికరం

జవాబులు రాయండి

1. తుమ్మ బంకకూ గుగ్గిలానికీ తేడా ఏమిటి?
2. అంబరు వయసు ఎలా తెలుసుకున్నారు?
3. చీమలు ఆ పురుగుకు ఎందుకు మేత పెడతాయి?
4. కొమ్ము పురుగునూ ఎర్రముక్కు పురుగునూ ఎందుకు వేరుగా పోల్చుకోవాలి?

చేసి చూడండి

మీ దొడ్లోనో, తోటలోనో ఒక పెంకు పురుగును చూడండి. తేదీ వేసి నాలుగు వాక్యాలు రాయండి. ఎక్కడ కనబడింది? ఏ రంగు? కొమ్ము ఉందా, ముక్కు ఉందా? ఏమి తింటోంది? మీ పక్కింటామెకు ఆ కాగితం ఇవ్వండి. అది చదివి ఆమె అదే పురుగును పోల్చుకోగలిగితే మీరు సరిగ్గా రాసినట్టే.