తొవ్వకు ఎడ్జ్ వెయిట్ ఎంత?

మౌంటెన్ బైకింగ్ వీడియోలు చూసేవాళ్లందరికీ తెలిసిన సీన్ ఒకటుంది. ఇటలీలోనో స్పెయిన్‌లోనో ఒక కొండ, కింద నీలం సముద్రం, ఆలివ్ చెట్ల మధ్య సన్నటి దారి, చివర్లో రాతి ఇళ్ల పాత ఊరు. కింద కామెంట్లలో మనవాళ్లు ఒక్కరైనా "మన దగ్గర ఇవన్నీ ఎక్కడివి బ్రో" అని రాస్తారు. ఈ వ్యాసం ఆ బ్రో కోసం. జడ్చర్ల చుట్టూ సైకిల్ రూట్ ఎలా గీయాలో చెప్తాను. మధ్యలో కొంచెం గ్రాఫ్ థియరీ వస్తుంది. డీఎస్ సబ్జెక్టులో బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు భయపడక్కర్లేదు.

ముందు ఆ వీడియోల సంగతి. ఇటలీలో ఫినాలె లిగురె అని సముద్రపు ఒడ్డున ఒక ఊరుంది. మౌంటెన్ బైకింగ్‌లో దానికి ప్రపంచమంతా పేరు. అక్కడ బైకుల కోసమే కొత్తగా తవ్విన దారులు ఉన్నాయి కానీ, చాలా వాటి కింద పాత దారులే ఉన్నాయి. కంచరగాడిదల మీద సరుకు మోసిన బాటలు, మేకలు తిరిగిన బాటలు. పక్కనే వాల్ పోంచి అనే లోయలో రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వంతెనలు ఇంకా నిలబడి ఉన్నాయి. గ్రీసులో రాళ్లు పరిచిన ఇలాంటి గాడిద బాటల్ని కల్దెరిమి అంటారు. స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో త్రముంతానా కొండల్లో సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడల వెంట ఒక నడక దారి ఉంది. ఆ కొండల్ని యునెస్కో 2011లో వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే అక్కడివాళ్లు చేసిన గొప్ప పని కొండల్ని కనిపెట్టడం కాదు. వాడకం తగ్గిన దారికి కొత్త వాడకం చూపించారు, అంతే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. జడ్చర్ల అనగానే అందరికీ 44వ నంబరు హైవే గుర్తొస్తుంది. హైదరాబాద్ నుంచి కర్నూలు, బెంగళూరు పోయేవాళ్లకు ఇది ఒక చాయ్ బ్రేక్. హైవే మీద నుంచి చూస్తే రెండు పక్కలా గుట్టలు, బండరాళ్లు, చెలకలు, అక్కడక్కడ కుంటలు. బస్సులో నిద్రపోవడానికి అనువైన దృశ్యం. కానీ హైవే దిగి ఒక్క కిలోమీటరు లోపలికి పోతే ఇంకో నెట్‌వర్క్ మొదలవుతుంది. బండ్ల బాటలు, చెరువు కట్టలు, గొర్లు పోయే తొవ్వలు, ఊరి నుంచి ఊరికి పొలిమేర దాటే దారులు. మనం 'రూట్' అనేది దీన్నే.

దీన్ని గ్రాఫ్‌గా ఊహించండి. ఊరు, కుంట, గుట్ట మలుపు, గుడి అన్నీ నోడ్లు. వాటిని కలిపే తొవ్వలు ఎడ్జ్‌లు. డైక్‌స్ట్రా 1956లో కనిపెట్టి 1959లో ప్రచురించిన అల్గారిథం మనందరం ల్యాబ్‌లో రాసిందే. తక్కువ ఖర్చు దారి వెతికి పెడుతుంది. కానీ ఖర్చు అంటే ఏంటి అన్నది అది చెప్పదు, మనమే చెప్పాలి. మ్యాప్ యాప్‌లు మామూలుగా టైమును ఖర్చుగా తీసుకుంటాయి. అందుకే దారి అడిగిన ప్రతిసారీ తారు రోడ్డు మీదికి తోస్తాయి. సైకిల్‌కు ఆ లెక్క పనికిరాదు.

నేను వాడే లెక్క ఇది. దూరాన్ని మీటర్లలో తీసుకుంటాను. ఒక మీటరు ఎత్తు ఎక్కితే దానికి పది మీటర్లు కలుపుతాను. సైన్స్ పుస్తకంలోది కాదు, నా కాళ్లు ఒప్పుకున్న లెక్క. ఒక ఎడ్జ్‌కు పోయేటప్పుడు ఒక వెయిట్, వచ్చేటప్పుడు ఇంకో వెయిట్ ఉంటుంది కాబట్టి ఇది డైరెక్టెడ్ గ్రాఫ్. దిగుడులో హాయిగా ఉంటుంది కదా, నెగెటివ్ వెయిట్ ఇద్దామని అనిపిస్తుంది. ఇవ్వకండి. నెగెటివ్ వెయిట్లుంటే డైక్‌స్ట్రా తప్పుడు జవాబు ఇవ్వొచ్చు, బెల్మన్-ఫోర్డ్ వాడాల్సి వస్తుంది. మొత్తం కలిపితే నెగెటివ్ వచ్చే లూప్ నిజంగా ఎక్కడైనా ఉందంటే, ఎప్పుడూ దిగుతూనే బయల్దేరిన చోటికి చేరే తొవ్వ దొరికినట్టే. దొరికితే నాకు చెప్పండి, అక్కడే రూమ్ తీసుకుంటా.

ఎత్తు లెక్కలు ఎక్కడ దొరుకుతాయి? 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే స్పేస్ షటిల్ పదకొండు రోజులు తిరిగి రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. దాన్ని ఎస్‌ఆర్‌టీఎం డేటా అంటారు, ఫ్రీగా దొరుకుతుంది. సుమారు ముప్పై మీటర్ల గడికి ఒక ఎత్తు. ఆల్ప్స్ కొండలకు అది చాలు. మన గుట్టలకు చాలదు. ఎందుకంటే మన గుట్ట అంటే కొండ కాదు, రాళ్ల కుప్ప. రెండు బండల మధ్య సైకిల్ పట్టేంత సందు ఉందా, నిలువు గోడ ఉందా అన్నది ముప్పై మీటర్ల గడిలో కనిపించదు. శాటిలైట్ ఫొటోలో కొంత తెలుస్తుంది. మిగతాది మనిషిని అడగాలి.

నేల సంగతి ఇంకా ముఖ్యం. మధ్యధరా కొండలు చాలాచోట్ల సున్నపురాయి. అంచులు పదును, తడిస్తే జారుతుంది. మనది గ్రానైట్, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. బండ మీద టైరు బాగా పట్టుకుంటుంది. ఏటవాలుగా ఉన్న బండ మీద ధైర్యంగా దిగొచ్చు. కానీ బండ కింద మొరం ఉంటుంది. గ్రానైట్ అరిగి అరిగి అయిన గులకలు, టైరు కింద బాల్ బేరింగుల్లా దొర్లుతాయి. మొరం మీద మలుపులో ముందు బ్రేక్ గట్టిగా పట్టారంటే మోచేతుల మీద దిగుతారు. ఎర్ర చెలక వాన పడిన మర్నాడే ఆరిపోతుంది. నల్లరేగడి అలా కాదు, టైరుకూ ఫోర్కుకూ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు. సైకిల్ మనల్ని మోయడం మానేసి మనం సైకిల్‌ను మోస్తాం. అందుకే వానాకాలంలో చెలక రూట్లు పెట్టుకోవాలి. రేగడి వైపు అక్టోబరు దాటాకే పోవాలి. మార్చి నుంచి అయితే పొద్దున ఎనిమిదిన్నర లోపు ఇంటికి చేరాలి, ఆ తర్వాత ఎండ మాట వినదు.

ముళ్ల గురించి ఒక మాట. తుమ్మ ముల్లు కంటికి కనిపిస్తుంది కాబట్టి తప్పించుకోవచ్చు. పల్లేరు కాయ కనిపించదు. నేల మీద పాకే మొక్క, పచ్చటి చిన్న పూలు, ఎండితే కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. విచిత్రమేంటంటే ఇదే మొక్క మధ్యధరా దేశాల్లోనూ ఉంది. అక్కడి సైకిలిస్టులూ దీన్ని తిట్టుకుంటారు. ఆ వీడియోలకూ మనకూ నిజంగా ఉన్న చుట్టరికం ఇదే. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ పోసుకుంటే చాలావరకు అదే పూడుస్తుంది. అంత ఖర్చు పెట్టలేకపోతే రెండు ట్యూబులు, పంపు, ప్యాచ్ కిట్ బ్యాగులో ఉండాలి.

ఇక రూట్లు. మొదటిది అందరూ చేయగలిగింది. జడ్చర్ల నుంచి కల్వకుర్తి వైపు, రోడ్డు పక్క తొవ్వలు పట్టుకుని గంగాపురం. ఇక్కడి చెన్నకేశవస్వామి గుడి కల్యాణి చాళుక్యుల కాలం నాటిది. దగ్గర్లోనే అల్వాన్‌పల్లి దగ్గర గొల్లత్త గుడి. పేరు గొల్లత్తది, కట్టడం జైనులది. వెయ్యేళ్లు దాటిన ఇటుకల గుడి, చెలకల మధ్య ఒంటరిగా నిలబడి ఉంటుంది. మన దేశంలో ఇంత పాత ఇటుక గుళ్లు మిగిలినవి చాలా తక్కువ. సైకిల్ దూరంగా ఆపి నడిచి వెళ్లండి, ఇటుక రాలే చోట టైరు పెట్టకండి.

రెండోది మన క్లబ్ వాళ్లు తప్పకుండా పోవాల్సింది. దక్షిణంగా భూత్పూర్, ఇరవై కిలోమీటర్ల లోపే. హైవే మీద పోతే అదొక జంక్షన్, ఫ్లైఓవర్, టిఫిన్ సెంటర్లు. పాత పేరు బూదపురం. ఇక్కడ 1276 నాటి శాసనం ఉంది, రుద్రమదేవి ఏలుతున్న కాలం. వేయించింది కుప్పాంబిక, రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి కూతురు, మల్యాల గుండ దండనాథుడి భార్య. మనం స్కూల్లో తొలి కవయిత్రి అంటే తాళ్లపాక తిమ్మక్క అని చదువుకున్నాం. తిమ్మక్కది 15వ శతాబ్దం. ఆమె కంటే ముందే కుప్పాంబిక పద్యాలు చెప్పిందని, తొలి తెలుగు కవయిత్రి ఈమేనని చాలామంది పరిశోధకులు అంటున్నారు. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఈ పేరు ఇంటర్ అయ్యేదాకా తెలీదు. వారానికోసారి బస్సులో ఆమె ఊరి పక్క నుంచే పోతూ వచ్చాను. హైవేకు వెయిట్ తక్కువ, కానీ దాని మీద నోడ్లు కూడా తక్కువే.

మూడోది కాళ్లలో బలం ఉన్నవాళ్లకు. మహబూబ్‌నగర్ దాకా వెళ్లి, పిల్లలమర్రి చూసుకుని, అక్కడి నుంచి పడమరగా కోయిల్‌కొండ. పిల్లలమర్రి అంటే మూడెకరాల పైన పరుచుకున్న పాత మర్రి. చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు. మనుషుల వార్డులా ఉండేది ఆ ఫొటో. కోయిల్‌కొండ దారిలోనే అసలు ఎత్తుపల్లాలు మొదలవుతాయి. ఊరి మీద కొండ, కొండ మీద కోట. గోల్కొండ రాజకుమారుడు ఇబ్రహీం 1543లో అన్న జంషీద్‌కు భయపడి పారిపోయి విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకున్నాడు. జంషీద్ చనిపోయాక 1550లో సింహాసనం కోసం తిరిగొస్తూ ఈ కోటలో ఆగాడు. ఆ ఏడాది వేసిన తెలుగు శాసనం ఇక్కడ ఉంది. తర్వాత తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితం ఇచ్చాడు. విజయనగరం నుంచి వచ్చినవాడు ఇక్కడ ఎందుకు ఆగాడో, పుస్తకంలో కంటే సైకిల్ మీద త్వరగా అర్థమవుతుంది. దక్షిణం నుంచి ఎక్కుతూ వచ్చేసరికి ఎవరికైనా ఆగాలనిపిస్తుంది. కోట పైకి మాత్రం సైకిల్ వద్దు. మెట్లు, ద్వారాలు, పైన దర్గా, గుళ్లు. నడిచే ఎక్కాలి.

ఇప్పుడు నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే విషయం. ఈ ఎడ్జ్‌లు డిలీట్ అవుతున్నాయి. గ్రామ నక్షాలో రెండు చుక్కల గీతలుగా ఉండే బండ్ల బాటను మన దగ్గర నక్షా బాట అంటారు. ఎడ్ల బండ్లు పోయాక ఆ బాటను పక్క చేనువాళ్లు ఏడాదికో సాలు చొప్పున కలుపుకుంటూ పోతారు. లేదా ప్లాట్ల వెంచర్ వచ్చి కడీలు పాతుతుంది. ఒక పొద్దున మేము నలుగురం రూట్ వెతుకుతుంటే బర్లు కాసే తాత ఆపాడు.

"యాడికి పోతున్రు బిడ్డా? గా తొవ్వ ఇప్పుడు లేదు. కంచె ఏసిన్రు. కుంట కట్ట మీదికెల్లి పోండ్రి."

"ముందు ఉండెనా తాతా?"

"ఉండకపోతే మా చేనుకు ఎట్ల పోయినం? ఇప్పుడు మిషిన్ రాదు, మనిషే పోవాలె. కోత కూలీకే సగం పోతది."

మనకు అది ఆదివారం రూట్. ఆయనకు అది వరి కోత మిషన్ చేనులోకి వచ్చే దారి. తొవ్వ మూసుకుపోతే మనం రీరూట్ అవుతాం, చేను కాదు కదా.

అందుకే తిరిగినవాళ్లు తిరిగినట్టే ఊరుకోవద్దని నేను అడుగుతున్నాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని 2004లో మొదలైన ఉచిత పటం ఉంది, ఎవరైనా మార్చొచ్చు. మీ ఫోన్‌లో రికార్డైన జీపీఎస్ ట్రాక్ ఎక్కించి, దాని మీద తొవ్వ గీసి, 'హైవే' ట్యాగ్‌లో 'ట్రాక్' అని పెట్టాలి. బండి పట్టని దారైతే 'పాత్'. 'ట్రాక్‌టైప్' గ్రేడ్ 1 నుంచి 5 దాకా ఉంటుంది. గట్టి దారి 1, దున్నిన చేనులా మెత్తగా ఉంటే 5. మన మొరం బాటలు మామూలుగా 3, 4. సైకిల్ కష్టానికి 'ఎంటీబీ స్కేల్' సున్నా నుంచి 6 దాకా ఉంటుంది. మన దగ్గర చాలావరకు సున్నా, ఒకటి. గుట్ట దిగే చోట రెండు.

దీనికి వ్యతిరేక వాదన కూడా క్లబ్‌లో వచ్చింది. మ్యాప్‌లో పెడితే పది మంది బైకులేసుకుని వచ్చి చేన్లు తొక్కుతారని. నిజమే, ఆ భయం నాకూ ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీత గీస్తే రెవెన్యూ రికార్డు అయిపోదని కూడా తెలుసు. ఆ కంచె దాని వల్ల పోదు. కానీ ఫలానా తేదీన ఇక్కడ మనుషులు తిరిగే తొవ్వ ఉండేదని తేదీతో సహా హిస్టరీలో ఉంటుంది, తర్వాత ఎవరు చెరిపినా పాత వెర్షన్ కనిపిస్తుంది. నావరకు ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఊరివాళ్లు వాడుతున్న తొవ్వ అయితేనే గీస్తాను. ఒకరి చేను గెట్టు మీద నుంచి పోయిన చోటు గీయను. అడవిలో ఫారెస్ట్ వాళ్ల అనుమతి లేని దారి గీయను. ఊరివాళ్లు ఆ తొవ్వకు పెట్టుకున్న పేరు అడిగి, ఆ పేరే తెలుగులో రాస్తాను. ఇప్పటిదాకా దొరికిన వాటిలో నాకు నచ్చినవి రెండు: గొర్ల బాట, అత్తగారి తొవ్వ.

వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు గంగాపురం రూట్. గేర్ లేని సైకిల్ అయినా పర్వాలేదు, టైర్లలో గాలి కొంచెం తగ్గించుకుని రండి. రెండు లీటర్ల నీళ్లు, ట్యూబ్, తాతలతో మాట్లాడే ఓపిక తెచ్చుకోండి.