తాత్కాలిక వీసా నుంచి స్థిర నివాసానికి: దారి మారే చోట తెలుసుకోవలసినవి

విదేశయానం మన నయాపూల్ పరిసరాలకు కొత్త సంగతి కాదు. మూసీకి అవతలి ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆస్పత్రిలో పని నేర్చిన డాక్టర్లు 1960, 70 దశకాలలోనే అమెరికా చేరుకున్నారు. ఇవతలి పాతబస్తీ గల్లీల నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఈ రెండు ప్రయాణాలకు ఒక పెద్ద తేడా ఉంది. గల్ఫ్‌లో మామూలు పని వీసా మీద ముప్పై ఏళ్లు పనిచేసినవాడైనా, పని పోయిందంటే పెట్టె సర్దుకుని తిరిగి రావలసిందే. ఆ వీసాకు పైన మరో మెట్టు లేదు. అమెరికాలోనో, ఇంగ్లండులోనో పైమెట్టు ఉంది. అయితే ఒక మెట్టు మీది నుంచి ఇంకో మెట్టుకు మారే ప్రతి చోటా ఒక షరతు ఉంది.

నేడు మన విద్యార్థులు బ్యాంకు అప్పు చేసి, తల్లిదండ్రుల ఇల్లు తాకట్టు పెట్టి వెళుతున్నారు. అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ముందు పోనియ్యిరి, పోయినంక చూసుకుందాం." పోయిన తరువాత చూసుకోదగినవి ఏవో, పోకముందే తెలుసుకోవలసినవి ఏవో వేరు చేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

వీసా వేరు, స్టేటస్ వేరు

మొదట రెండు మాటలను విడదీసి చూడాలి. పాస్‌పోర్టులో అంటించే వీసా అనేది ఆ దేశపు వాకిట నిలబడి లోనికి రానిమ్మని అడిగేందుకు ఇచ్చే అనుమతి. లోపలికి వెళ్లాక ఏ హోదాలో, ఎంతకాలం ఉండవచ్చునో చెప్పేది స్టేటస్. అమెరికాలో దీనిని ఐ-94 అనే నమోదు తెలుపుతుంది. వీసా గడువు తీరినా స్టేటస్ ఉండవచ్చు. వీసాకు గడువు మిగిలి ఉండగానే స్టేటస్ పోనూవచ్చు.

ఒక విద్యార్థి అక్కడే ఉండి ఉద్యోగి హోదాకు మారితే మారేది స్టేటస్ మాత్రమే, పాస్‌పోర్టులోని ముద్ర కాదు. పెళ్లికో, పండుగకో ఇంటికి వచ్చాడంటే తిరిగి వెళ్లేందుకు కాన్సులేటులో కొత్త ముద్ర వేయించుకోవాలి. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో ప్రారంభమై, 2023 మార్చిలో నానక్‌రాంగూడకు మారింది. ఊళ్లోనే ఆఫీసు ఉంది గదా అని తేలికగా తీసుకోరాదు. ఆ ఇంటర్వ్యూలో అనుమతి నిరాకరిస్తే ఉద్యోగం అక్కడ, మనిషి ఇక్కడ అవుతాడు.

ఉద్దేశం అనే చిక్కు

విద్యార్థి వీసా, అనగా ఎఫ్-1, చదువు ముగించి స్వదేశానికి తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నవారి కొరకు ఏర్పడింది. స్థిరపడతానని చెప్పినవారికి అది దొరకదు. హెచ్-1బి ఉద్యోగ వీసా అలాంటిది కాదు. తాత్కాలికంగా పనిచేస్తూనే స్థిర నివాసం కోరుకోవచ్చునని 1990 నాటి చట్టం దానికి వెసులుబాటు ఇచ్చింది. కంపెనీ బదిలీ మీద వెళ్లే ఎల్-1కు కూడా ఇంతే.

కనుక ఇక్కడ వరుసక్రమం ముఖ్యం. ఎఫ్-1లో ఉండగానే ఒక సంస్థ తన తరఫున గ్రీన్ కార్డు పిటిషన్ వేసిందనుకుందాం. ఆ తరువాత విద్యార్థి వీసా ముద్ర కోసం మళ్లీ కాన్సులేటుకు వస్తే, "తిరిగి వెళతాను" అన్న మాట నమ్మించడం కష్టమౌతుంది. అదే పిటిషన్ హెచ్-1బిలో ఉన్నప్పుడు వేస్తే ఆ చిక్కు రాదు.

డాక్టర్ల అనుభవం నేర్పే పాఠం

మన పొరుగున ఉన్న వైద్యుల కథే దీనికి మంచి ఉదాహరణ. 1965 నాటి అమెరికా చట్టం దేశాలవారీ పాత కోటాలను రద్దు చేసింది. అప్పుడు అక్కడ డాక్టర్ల కొరత ఉండడం వల్ల మన వైద్యులకు స్థిర నివాసం సులభంగా దొరికింది. 1976లో వచ్చిన మరో చట్టం ఆ తలుపును చాలావరకు మూసింది. ఆపైన శిక్షణకు జె-1 మీద వెళ్లిన డాక్టరు, శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉంటే తప్ప హెచ్-1బికిగాని, గ్రీన్ కార్డుకుగాని మారరాదు.

1994లో నార్త్ డకోటా సెనేటరు కెంట్ కాన్రాడ్ పేరిట ఒక సడలింపు వచ్చింది. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ రెండేళ్ల షరతు మాఫీ అవుతుంది. మొదట ఒక్కొక్క రాష్ట్రానికి ఏటా 20 మందికి, 2002 నుంచి 30 మందికి ఈ అవకాశం కల్పించారు. ఒకే ఆస్పత్రిలో తయారైన ఇద్దరు డాక్టర్లలో ముందు వెళ్లినవారికి దారి తిన్నగా ఉంది. వెనుక వెళ్లినవారు పల్లె ఆస్పత్రుల మీదుగా చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. తెలివిలో తేడా లేదు. తేడా అంతా వెళ్లిన సంవత్సరంలోను, ఎంచుకున్న వీసాలోను ఉంది.

విద్యార్థి నుంచి ఉద్యోగికి

ఎఫ్-1 చదువు ముగిశాక ఒక ఏడాది ఓపీటీ, అనగా చదివిన రంగంలో పని అనుభవం, పొందవచ్చు. సైన్సు, ఇంజనీరింగు, గణిత కోర్సులవారికి 2008లో 17 నెలల అదనపు గడువు ఇచ్చారు. 2016లో దానిని 24 నెలలు చేశారు. పని లేకుండా ఖాళీగా ఉన్న రోజులకు మాత్రం లెక్క ఉంది. మొదటి ఏడాదిలో 90, అదనపు గడువుతో కలిపి 150 రోజులు మించరాదు.

ఈలోగా హెచ్-1బి సంపాదించుకోవాలి. దాని వార్షిక పరిమితి 65,000. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికని 2004 చట్టం మరో 20,000 కలిపింది. 2023 వసంతంలో ఈ 85,000 స్థానాలకు వచ్చిన నమోదులు 7,80,000 దాటాయి. ఒకే మనిషి పేరిట పలు కంపెనీలు వేసిన చీటీలూ అందులో ఉన్నాయి. అందుకే 2024 నుంచి ఎన్ని చీటీలు వేసినా మనిషిని ఒక్కసారే లెక్కించే పద్ధతి తెచ్చారు.

2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటన ఇంకో సంగతి నేర్పింది. ఆ నెల 21 నుంచి వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు చెల్లించాలన్నారు. దేశం లోపలే ఉండి ఎఫ్-1 నుంచి స్టేటస్ మార్చుకునేవారికి అది వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చింది. లోపలి నుంచి మారడానికి, బయటి నుంచి రావడానికి గల తేడా ఒక్క పూటలో లక్ష డాలర్లయింది.

గ్రీన్ కార్డు వరుస

హెచ్-1బి మూడేళ్లు, మరో మూడేళ్లు, మొత్తం ఆరు. ఇందులో మూడు పనులున్నాయి: యజమాని వేసే లేబర్ సర్టిఫికేషన్, ఐ-140 పిటిషన్, చివరకు మనమే వేసుకునే ఐ-485 దరఖాస్తు. మొదటి కాగితం దాఖలు చేసిన తేదీయే మన ప్రాధాన్య తేదీ. వరుసలో మన స్థానం ఆ తేదీతోనే నిర్ణయమౌతుంది.

ఈ వరుస ఎందుకింత పొడుగు? లెక్క వేసి చూద్దాం. ఉద్యోగ కేటగిరీలకు ఏటా 1,40,000 గ్రీన్ కార్డులు. అందులో ఈబీ-2 వాటా 28.6 శాతం, అనగా సుమారు 40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించరాదు, అనగా సుమారు 2,800. ఇందులోనే భార్యాపిల్లలూ లెక్కకు వస్తారు. ఇతరులు వాడుకోనివి ఏవైనా మిగిలితేనే మన వరుస ముందుకు జరుగుతుంది. అందుకే మనవారి నిరీక్షణ పదేళ్లు దాటింది. ఆరేళ్ల గడువు తీరినా ఈ వరుసలో ఉన్నవారు హెచ్-1బి పొడిగించుకోవడానికి 2000 సంవత్సరపు చట్టం వీలు కల్పించింది.

ఇక్కడ మన పాతబస్తీవారు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఈ లెక్క పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. హైదరాబాదులో పుట్టినవాడు కెనడా పౌరుడైనా భారతదేశపు వరుసలోనే నిలబడాలి. తండ్రి ఉద్యోగం చేస్తుండగా జిద్దాలోనో, కువైట్‌లోనో పుట్టిన పిల్లవాడు మాత్రం భారత పాస్‌పోర్టు ఉన్నా ఆ దేశపు వరుసలోకి వస్తాడు. పెళ్లి చేసుకున్నవారికీ ఆ లాభం అందుతుంది. స్థిర నివాసం ఇవ్వని గల్ఫ్, ఆ విధంగా తరువాతి తరానికి పనికి వచ్చింది.

వరుస మార్చుకోవడం

2020 అక్టోబరులో ఒక విచిత్రం జరిగింది. దరఖాస్తు వేసుకునే తేదీ మనవారికి ఈబీ-2లో 2011 మే 15 దగ్గర ఉండగా, దానికన్నా కిందిదైన ఈబీ-3లో 2015 జనవరి 1కి వచ్చింది. వేలాదిమంది కిందికి మారారు. ఐ-140 ఒకసారి మంజూరైతే పాత ప్రాధాన్య తేదీ కొత్త పిటిషన్‌కూ వస్తుంది కనుక అది సాధ్యమైంది. 2022 వేసవికి లెక్క తారుమారైంది. ఈబీ-2 తేదీ 2014 డిసెంబరుకు చేరగా ఈబీ-3 2012 ఫిబ్రవరి దగ్గరే ఆగింది. కిందికి దిగినవారు మళ్లీ పైకి మార్చమని అర్జీలు పెట్టుకున్నారు. అలాగని దిగినవారు నష్టపోయారని అనలేము. ఐ-485 వేసి 180 రోజులు గడిస్తే అదే తరహా పనికి యజమానిని మార్చుకోవచ్చు. ఆ స్వేచ్ఛ వారికి ముందుగా దక్కింది.

2007లో మరొకటి. జూలైలో అందరూ దరఖాస్తు వేసుకోవచ్చన్నారు. జూలై 2న కాదు పొమ్మన్నారు. మనవాళ్లు ఏం చేశారు? గాంధీగిరి అని ఇమిగ్రేషన్ అధికారి ఆఫీసుకు వందల పూలగుత్తులు పంపారు. జూలై 17న పాత మాటనే నిలబెట్టి, ఆగస్టు 17 దాకా గడువిచ్చారు.

ఇంగ్లండు సంగతి

ఇంగ్లండు 2002లో హెచ్‌ఎస్‌ఎంపీ పేరిట నిపుణులను పిలిచింది. 2006లో స్థిర నివాసానికి కావలసిన నాలుగేళ్లను అయిదు చేసి, పొడిగింపు షరతులను కూడా కఠినం చేసింది. అప్పటికే ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లినవారు కోర్టుకెక్కారు. ముందు మాట నమ్మి వచ్చినవారి మీద కొత్త షరతు రుద్దడం అన్యాయమని 2008లో అక్కడి హైకోర్టు తీర్పు చెప్పింది.

చదువు తరువాతి పని వీసాను 2012లో మూసి, 2021 జూలైలో గ్రాడ్యుయేట్ రూట్ పేరిట మళ్లీ తెరిచారు. దానిలో గడిపిన కాలం స్కిల్డ్ వర్కర్ దారిలోని స్థిర నివాసపు లెక్కలోకి రాదు. రెండేళ్లు అందులో సుఖంగా గడిపేసినవారికి అసలు గడియారం ఇంకా మొదలే కాలేదన్నమాట.

అడ్డదారులు

స్టేటస్ నిలుపుకోవడానికి పేరుకు కాలేజీలో చేరడం ఎంత ప్రమాదమో రెండు సంఘటనలు చాటాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు అందులోని విద్యార్థులలో తెలుగువారు పెక్కుమంది. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. అది అధికారులే పన్నిన వల. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. ఫీజు కట్టి హోదా కొనుక్కున్నామనుకున్నవారు చివరికి నిర్బంధంలో పడ్డారు. తరగతి లేని కాలేజీ ఇచ్చే హోదా మెట్టు కాదు, గొయ్యి.

అడగవలసిన నాలుగు ప్రశ్నలు

పై విషయాలన్నిటినీ నాలుగు ప్రశ్నలుగా కుదించవచ్చు. దారి మారే ప్రతి చోటా వీటిని అడగాలి.

ఒకటి: ఇప్పటిదాకా గడిపిన కాలం కొత్త దారిలో లెక్కకు వస్తుందా?

రెండు: కాగితం ఎవరి చేతిలో ఉంది? యజమాని చేతిలో ఉంటే, పని పోయిన తరువాత ఎన్ని రోజుల వ్యవధి? హెచ్-1బికి 2017 నుంచి అది గరిష్ఠంగా 60 రోజులు.

మూడు: కొత్తది నిరాకరిస్తే పాతది మిగిలి ఉంటుందా, లేక రెంటికీ చెడతామా?

నాలుగు: కుటుంబం మాటేమిటి? 21 ఏళ్లు నిండిన బిడ్డ తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతుంది. 2002 నాటి చట్టం వయసు లెక్కలో కొంత తగ్గింపు ఇచ్చినా, దశాబ్దాల వరుసకు అది చాలదు.

ఈ నాలుగింటికీ జవాబు ఏజెంటు నోటి నుంచి కాక, ప్రభుత్వ నిబంధనల నుంచి, కాలేజీలోని విదేశీ విద్యార్థుల అధికారి నుంచి, లైసెన్సు ఉన్న వకీలు నుంచి తెలుసుకోవాలి. సీటు వచ్చిందని స్వీట్లు పంచే రోజునే ఒక కాగితం మీద ఈ ప్రశ్నలు రాసుకుని, అమ్మానాన్నల ఎదుట కూర్చుని జవాబులు నింపుకోవడం మంచిది. అప్పు పత్రం మీద సంతకం పెట్టేది వారే గనుక, ఆ జవాబులు తెలుసుకునే హక్కు వారికీ ఉంది. అన్నీ తెలుసుకున్న తరువాత వెళ్లడం మేలనిపిస్తే నిస్సంకోచంగా వెళ్లండి. ఇక్కడే ఉండడం మేలనిపిస్తే అదీ ఓటమి కాదు.